చెమట పట్టిన మధ్యాహ్నం

నిన్న వానకు తడిసిన కంబళిని ఇంట్లో ఆరేస్తే, ఆ వాసనకే లేచి వాకిట్లోకి వచ్చేశాను. ఇప్పుడు రేడియోలో తుపాను గండం, కరువు గండం అని ప్రతిదానికీ గండం అంటున్నారు గానీ, నాకు గండమంటే ఆ వాసనే.

నాకు ఏడేళ్లప్పుడు, శిరివెళ్లలో మా నాయన మూడు వారాలు జ్వరంతో మంచం పట్టాడు. నంద్యాల నుంచి వచ్చిన డాక్టరు "ఈ పొద్దే గండం" అని చెప్పి పోయాడు. మా అవ్వ నన్ను మంచం పక్కన కూర్చోబెట్టింది.

"మీ నాయనకు చెమట పడితే కేకెయ్యి పాపా. యాడికీ పోవాక."

మధ్యాహ్నానికి నాయనకు చెమటలు పట్టి కంబళంతా తడిసింది. నేను కేకెయ్యలేదు. అంతకు ముందేడు మా తాత చనిపోయేటప్పుడు అట్లాగే చెమటలు పట్టాయి మరి! ఎవరికీ కనపడకపోతే చావు వెనక్కి పోతుందనుకుని, నా పావడతో తుడుస్తూ కూర్చున్నాను.

"చెమట పట్టిందా?" అవ్వ వాకిట్లోంచి అడిగింది.

"లేదవ్వా."

మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ లేదన్నాను. మూడోసారికి అమ్మ గోడకవతల పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపుకు నాయన కళ్లు తెరిచాడు.

"ఏందే, ఎవురు సచ్చినారని? ఇంత గంజి పొయ్యి, ఆకలైతాంది."

అవ్వ పరుగున వచ్చి నా తడి పావడ పట్టుకుంది. "ఓసి పిచ్చిదానా! చెమట పడితేనే గదే గండం గడిచేది!"

అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు. నాయన గండం అప్పటికే దాటాడు. గోడకవతల అమ్మను మాత్రం నా మూడు 'లేదు'లతో ఇంకా గండంలోనే కూర్చోబెట్టింది నేను.