అరచేతిలో రిబ్బన్

మా హాస్టల్ ఆయమ్మ పోయిందని ఆమె కూతురు చండ్రుగొండ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. "పొద్దున్నే పోయింది అక్కా. నీకు చెప్పాలె అనిపించింది." రిసీవర్ పెట్టేసి, చదువుతున్న పుస్తకంలో పేజీ గుర్తు పెట్టుకున్నాను. ఏడుపు రాలేదు.

మీలో సిస్టర్ల హాస్టళ్ళలో చదివినవాళ్ళకు ఆదివారం పొద్దులు గుర్తుండే ఉంటాయి. మా ఆయమ్మ వంటగది వెనక మెట్ల మీద కూర్చునేది. పక్కన వేపనూనె సీసా, ఒళ్ళో పేల దువ్వెన. నలభై మందిమి వరుసలో నిలబడేవాళ్ళం. ఒక్కొక్కరి వంతు రాగానే ఆమె అరచేయి చాపేది. తెల్ల రిబ్బన్ విప్పి అందులో పెడితేనే జడ ముట్టుకునేది. పెట్టకపోతే, "సరే, ఎనక పిల్ల రా" అనేది, అంతే. వాళ్ళ గూడెంలో ఎవరింటికి పోయినా తడిక బయటే ఆగుతారట. లోపలి నుంచి పిలుపు వచ్చాకే అడుగు పెడతారట. "తలుపు లేని గుడిసెకైనా గడప ఉంటది బిడ్డా" అనేది.

నేను ఆరో తరగతిలో ఉండగా, పేలు ఎక్కువయ్యాయని వార్డెన్ సిస్టర్ అందరికీ క్రాపు చేయమంది. నాకు మాటలు తక్కువ. ఆ హాస్టల్లో నాదనుకున్నది నడుము దాకా ఉన్న జడ ఒక్కటే. నా వంతు వచ్చింది. ఆయమ్మ చాపిన అరచేతిని చూస్తూ రిబ్బన్‌ని పిడికిట్లో బిగించాను.

"దొరసాని జడ గదనే!" వెనక ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"లైన్ ఎందుకాగింది ఆయమ్మా?" సిస్టర్ వరండాలోంచి అడిగింది.

"పిల్ల రిబ్బన్ ఇయ్యలే సిస్టరమ్మా."

"దాన్ని అడిగేదేమిటి? కత్తిరించు."

"జుట్టు దానిది గద. పది రోజులు ఆగుండ్రి, పేలన్నీ నేనే తీస్త. తియ్యకపోతే నా కొప్పు గూడ కోసెయ్యుండ్రి."

"కొప్పు కాదు, పని పోతుంది" అంది సిస్టర్. నవ్వలేదు.

ఆ పది రోజులూ సాయంత్రం స్టడీకి ముందు మెట్ల దగ్గరికి వెళ్ళేదాన్ని. నా కోసం అంత మాట పడ్డా, రోజూ మళ్ళీ అరచేయి చాపేది. "అడిగితే నోరు అరుగుతదా?" అనేది. ఆరో రోజు తల మండుతోందని నేను రిబ్బన్ ఇవ్వలేదు. ఆమె పని పోతుందన్న సంగతి నాకు తట్టలేదు. ఆమె గుర్తు చేయనూ లేదు. దువ్వెన కొంగున ముడేసుకుని, "రేపు రా" అని లేచిపోయింది.

పదో రోజు సిస్టర్ కళ్ళజోడు పెట్టుకుని నా చెవుల వెనక రెండుసార్లు వెతికి, కత్తెర సొరుగులో పెట్టేసింది.

నిరుడు వానలు తగ్గాక, ఆమె మంచం పట్టిందని తెలిసి గూడెం వెళ్ళాను. జుట్టంతా ఉండ కట్టి ఉంది. తడికలో గుచ్చిన దువ్వెన తీసుకుని, ప్రేమగానే, వెనక కూర్చుని తల మీద చేయి వేశాను. ఆమె తల పక్కకు జరుపుకుంది.

"రిబ్బన్ ఇచ్చిన్నా నీకు?"

సిగ్గేసింది. ముందుకొచ్చి అరచేయి చాపాను. ఆమె నవ్వి, ఖాళీ చేతి వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

"ఇయ్యాల వద్దు బిడ్డా, నొస్తది. ఇంకోసారి చూద్దాం."

ఇంకోసారి కుదరలేదు.

పోయిన వారం వెళ్ళి తడిక బయట నిలబడ్డాను. కూతురు పిలిచాక లోపలికి వెళ్ళాను. దువ్వెన అక్కడే ఉంది. పళ్ళ మధ్య రెండు తెల్ల వెంట్రుకలు.

"తీస్కపో అక్కా, అమ్మ గుర్తుగ" అంది కూతురు.

అది ఆమె చేత్తో ఇచ్చింది కాదు కదా అనిపించింది. చేయి చాపలేదు. ఎండ తడిక సందుల్లోంచి వచ్చి దువ్వెన పళ్ళ మీద పడుతోంది.