మేడమ్ తల ఊపని రోజు

చిన్న డాక్టరమ్మది మంచి చెయ్యి అని ఆసుపత్రిలో అందరూ అనేవారు. ఆమె కుట్టు వేస్తే తర్వాత మచ్చ వెతుక్కోవాల్సిందే. కాన్పుల వైద్యంలో పైచదువు చివరి ఏడాదికి వచ్చేసరికి ఆమెకు రాని ఆపరేషన్ లేదు. రానిదల్లా ఒక్కటే, ఎదురుగా తనకు పని నేర్పిన పెద్ద మేడమ్ లేకుండా కత్తి పట్టడం. కోత పెట్టేముందు ఓసారి తలెత్తి చూసేది. మాస్కు పైనున్న మేడమ్ కళ్ళు ఓసారి వాలి, తల కాస్త ఊగేది. అప్పుడుగానీ చెయ్యి కదిలేది కాదు.

ఇది మేడమ్ గమనించకపోలేదు. "నా మొహం చూడకుండా పనిచెయ్యడం తప్ప నీకు నేర్పాల్సింది ఇంకేం లేదమ్మా" అని, శిక్షణలో చివరి నెలలు ఏటి అవతలి చిన్న ఆసుపత్రికి పంపించింది. అక్కడున్నది ఒకే ఆపరేషన్ గది, ఒక మత్తు డాక్టరు, ఇద్దరు నర్సులు. కాన్పులకు దిక్కు ఈమే. మరీ అవసరమైతే మేడమ్ ఫోన్లో దొరుకుతుంది.

"ఈత రానిదాన్ని ఏట్లోకి తోసినట్టుంది అక్కా" అంది ఇంటికొచ్చి.

"ఈత నీకు బాగానే వచ్చు. ఒడ్డు కనపడకపోతే భయం, అంతే" అంది అక్క.

"మునిగేలా ఉంటే ముందే చెప్పు మరదలా, నాకు నిజంగానే ఈత రాదు" అన్నాడు బావ. ముగ్గురూ నవ్వుకున్నారు.

కొన్ని వారాలు సాఫీగానే గడిచాయి. ఒక మధ్యాహ్నం, వరండాలో రోగులు పలచబడ్డ వేళ, ఇస్త్రీ దుకాణంలో పనిచేసే ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. తొలిచూలు, నెలలు నిండాయి. కట్టుబట్టలు నెత్తుటితో తడిసిపోయాయి. పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్కలా తగిలింది. బిడ్డ గుండె చప్పుడు కోసం ఎంత వెతికినా లేదు. లోపల మాయ ముందే ఊడిపోయింది. కాసేపటికే కాన్పయింది. ఆడపిల్ల. ఒత్తుగా జుట్టు, వేళ్ళకు గోళ్ళు, అన్నీ ఉన్నాయి, ఊపిరి తప్ప.

ఏడవడానికి కూడా వ్యవధి లేకపోయింది. తల్లికి రక్తం ఆగడం లేదు. గర్భసంచి బిగుసుకోవడానికి మందులు ఎక్కించారు. చిన్న డాక్టరమ్మ పిడికిలితో అదిమి పట్టింది. లోపల బెలూను పెట్టి ఉబ్బించింది. తెప్పించిన రక్తం ఒకవైపు ఎక్కుతుంటే ఇంకోవైపు పోతూనే ఉంది. నేల మీద పడ్డది గడ్డకట్టడం మానేసి నీళ్ళలా పారుతోంది. రక్తానికి గడ్డకట్టే గుణమే పోయిందని ఆమెకు అర్థమైంది. పెద్దాసుపత్రికి పంపిస్తే వంతెన దాటేలోపే ప్రాణం పోతుంది.

నర్సు ఫోను కలిపి ఆమె చెవి దగ్గర పట్టుకుంది. మేడమ్ అక్కడ ఇంకో ఆపరేషన్ మధ్యలో ఉంది.

"ఏమేం చేశావు?"

చెప్పింది.

"ఇంకా పోతోందా?"

"పోతోంది మేడమ్. ఏం చెయ్యమంటారు?"

"ఆ అమ్మాయి నీ ముందుంది, నా ముందు లేదు. నువ్వేం చెయ్యబోతున్నావో చెప్పు. తప్పయితే ఆపుతాను."

చిన్న డాక్టరమ్మ బల్ల వైపు చూసింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఉన్న ఒక్క బిడ్డా పోయింది. ఇంకాసేపు చూద్దామా? చూస్తూ చూస్తూ మనిషే పోతే?

"గర్భసంచి తీసేస్తాను" అంది.

"నేను ఆపడం లేదు. పద" అంది మేడమ్.

భర్త బయట గోడకు ఆనుకుని ఉన్నాడు. బోర్డులకు రంగులేసే మనిషి, చొక్కా నిండా పచ్చ మరకలు. విషయం చెప్పింది.

"అంటే, మళ్ళీ పిల్లలు పుట్టరా?"

"పుట్టరు."

"తీస్తే బతుకుతుందా?"

"నా శాయశక్తులా చూస్తాను."

"చూస్తానంటారేంటమ్మా! బతుకుతుందని చెప్పండి, ఎక్కడంటే అక్కడ వేలుముద్ర వేస్తాను" అంటూ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

లోపలికి వెళ్ళి కత్తి పట్టుకుంది. అలవాటుగా తలెత్తింది. ఎదురుగా నర్సు కళ్ళున్నాయి, ఆ కళ్ళు ఆమెనే చూస్తూ ఆమె మాట కోసం ఎదురుచూస్తున్నాయి. తల దించుకుని కోత పెట్టింది.

ఆ అమ్మాయి బతికింది. అందరూ చిన్న డాక్టరమ్మను మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం ముద్ద దిగలేదు. ముందే తీసుంటే అంత రక్తం పోయేది కాదేమో. ఇంకాస్త ఆగుంటే తియ్యక్కర్లేకపోయేదేమో. రెండూ గుండెలో రంపంలా ఇటూ అటూ కోశాయి. మర్నాడు మేడమ్ స్వయంగా వస్తే అదే అడిగింది.

"నాకు తెలీదు" అంది మేడమ్. "నేనుంటే ఇంకాస్త ఆగేదాన్నేమో. ఆగితే ఏమయ్యేదో చెప్పలేను."

"మీకు కూడా తెలీకపోతే ఎలా మేడమ్?"

"నాకూ ఇలాంటివి కొన్ని ఉన్నాయి. ఇప్పటికీ తేలలేదు."

ఓదార్పు కోసం చూసిన మనిషికి ఆ మాట కాళ్ళ కింద గొయ్యి తవ్వినట్టనిపించింది. ఈ వైద్యం వదిలేస్తానని ఆ సాయంత్రం అక్కతో అంది. బావ ఈసారి హాస్యమాడలేదు, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు.

అయినా ఆ అమ్మాయికి సంగతి చెప్పే పని ఇంకొకరికి వదల్లేదు. మంచం పక్కన కూర్చుని, ఏమైందో, ఏం తీసేశారో మెల్లగా చెప్పింది. ఆ అమ్మాయి పైకప్పు వంక చూస్తూ విన్నది.

"మీరు మా ఆయన్ని అడగడానికి బయటికెళ్ళినప్పుడు నాకు తెలివుంది" అంది చివరికి. "నన్నెందుకు అడగలేదు?"

చిన్న డాక్టరమ్మకు ఆ హడావుడిలో బల్లమీది మనిషికి చెవులున్నాయన్న సంగతే తోచలేదు.

"అడగాల్సింది" అంది. "తప్పు నాదే."

"అడిగితే వద్దనేదాన్ని" అంది ఆ అమ్మాయి, గోడ వైపు తిరిగిపోయింది.

కుట్లు విప్పే రోజు ఆ అమ్మాయిని భర్త తీసుకొచ్చాడు. నర్సు చెయ్యబోతే, నేను చేస్తానని చిన్న డాక్టరమ్మ కత్తెర అందుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

"ఆపనా?"

ఆ అమ్మాయి కత్తెర వైపు చూసింది. "వద్దు, కానివ్వండి" అంది.

చిన్న డాక్టరమ్మ వంగి తర్వాతి దారం మెల్లగా పట్టుకుంది.