మూడో తలుపు దగ్గర బోర్లా పడిన గవ్వ

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఊరికే అంటున్న మాట కాదు. పెళ్లికి ముందు స్నేహితులు రెచ్చగొడితే శ్మశానంలో ఒక రాత్రంతా పడుకున్నవాణ్ణి. పడుకున్నానంటే, శ్మశానం గోడ పక్కనున్న, నూలుకు రంగులద్దే షెడ్డులో. రాత్రంతా అంటే, ఎనిమిదిన్నర దాకా. ఆ తర్వాత దోమలు ఎక్కువయ్యాయి, లేచి వచ్చేశాను.

నాకు కాస్త పెంచి చెప్పే అలవాటుంది. డెబ్బై నాలుగేళ్లొచ్చాయి, ఇప్పుడిక మానేది కాదు. అందుకని ఈ రాతలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎక్కడ పెంచినా నేనే తగ్గిస్తాను. చివరిదాకా చదివితే ఎంత మిగిలిందో మీకే తెలుస్తుంది.

మాది పెడన. నేతపని కుటుంబం. చీరల అంచులకు గ్రాఫులు వేయడం నా వృత్తి. చదరాల కాగితం మీద ఒక్కో గడి నింపుకుంటూ బొమ్మ వేస్తే, దాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గానికి ఎక్కిస్తే బొమ్మ అంచులోకి దిగుతుంది. మా వైపు ఒకప్పుడు ‘లాకుల అంచు’ అని బాగా నడిచింది. కాలవ లాకు తలుపులు మూసుకున్నట్టుగా రెండు పక్కల నుంచీ మెట్లు మెట్లుగా వచ్చి మధ్యలో కలుస్తాయి. అయిదు తలుపులయ్యాక మళ్లీ మొదటికొస్తుంది. ఆ అంచు వేసింది నేనే.

ఇప్పుడు విజయవాడ సింగ్ నగర్లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చినప్పుడు నా గ్రాఫులన్నీ ట్రంకుపెట్టెతో సహా ముద్దయిపోయాయి. ఒక్క కాగితం మిగలలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

పోయిన ఏడాది బాత్‌రూంలో జారి కాలికి పిండికట్టు వేయించుకున్నాను. ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు. నాలుగో రోజుకే ఇంట్లోవాళ్లు నా నోటికి తట్టుకోలేకపోయారు. అప్పుడు మా మనవరాలు తేజు, ఇంజనీరింగ్ మూడో ఏడు, ఒక ఆట తెచ్చి నా ఒళ్లో పడేసింది.

నలుగురు కూర్చుని ఆడే కథల ఆటలు కొన్ని ఉన్నాయట. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు అందులో వేషాలు వేస్తారు. తోడెవరూ లేకపోతే అదే ఆట ఒక్కరే ఆడుకోవచ్చు. కథ నడిపే మనిషి బదులు పాచికలుంటాయి. తలుపు తీస్తే అవతల ఏముందో, ఎదురొచ్చినవాడు మంచివాడో కాదో పాచిక వేసి పట్టికలో చూసుకోవాలి. జరిగింది నోటుబుక్కులో రాసుకోవాలి. నడిచిన దారిని చదరాల కాగితం మీద గీసుకోవాలి. ఆ చివరి మాట విని నేను ఒప్పుకున్నాను.

రూల్ బుక్కు ఇంగ్లీషుది. అందులో అంతా మంచు, కోటలు, తోడేళ్లు. మంచుని నేను ఫ్రిజ్‌లో తప్ప చూసినవాణ్ణి కాదు. రెండు రోజులు ఆడి, నా వల్ల కాదన్నాను.

“నీకు కావలసినట్టు మార్చుకో తాతయ్యా. ఈ ఆటలో అందరూ చేసేది అదే,” అంది తేజు. “ఊరు నీది, రూల్సు నీవి. కాకపోతే ఒకసారి రాసుకున్నాక తప్పకూడదు. నీ సంగతి నాకు తెలుసు.”

మొత్తం మార్చేశాను. కోట తీసేసి, కాలవ లాకు అడుగున మునిగిపోయిన ఒక మగ్గాల షెడ్డు పెట్టాను. వీరుడు పుల్లయ్య, పోయిన మగ్గాన్ని వెతుక్కుంటూ దిగిన నేతగాడు. బలం, తెలివి, మంత్రం అనే మూడు గుణాల బదులు ఓపిక, చూపు, నోరు ఇచ్చాను. తోడేళ్ల చోట చెదలు, ఎలుకలు, చేనేత సొసైటీ ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరు తొమ్మిది దెబ్బలు తగిలితేగాని వదలడు. కాఫీ తాగితే మూడు ఓపికలు తిరిగొస్తాయి. పుల్లయ్య తాగినప్పుడల్లా నేనూ తాగాలని ఒక రూలు రాసుకున్నాను గాని, మా కోడలు దాన్ని రెండో రోజే కొట్టేసింది.

వాళ్లిచ్చిన ఇరవై ముఖాల పాచిక మీద అంకెలు నాకు ఆనలేదు. మామూలు లూడో పాచిక ఒకటి, అష్టాచెమ్మా ఆడే గవ్వ ఒకటి పెట్టుకున్నాను. గవ్వ వెల్లకిలా పడితే అవును, బోర్లా పడితే కాదు.

దారి గీసే రూలు కూడా మార్చాను. రాసుకోవడానికి ఒళ్లో పెట్టుకున్న చెక్క సన్నటిది. అందుకని కాగితాలు నిలువునా కోసి ఒకదాని కొసకి ఒకటి అంటించి పొడుగు పట్టీ చేశాను. దారి ఎడమ నుంచి కుడికే పోవాలి. పాచిక ఎంత పడితే అన్ని గడులు. గవ్వ అవునంటే ఒక మెట్టు పైకి, కాదంటే కిందికి. పట్టికలో తలుపు వస్తే, వచ్చిన మెట్లనే తిరగేసి అవతల వేయాలి, అద్దంలోలాగా. మరీ తేలికైపోకుండా ప్రతి తలుపు దగ్గరా గవ్వని ఒకమాట అడగాలి. అవతల కూడా ఇలాగే ఉందా అని. కాదంటే అవతలి పక్క ఒక మెట్టు తగ్గించాలి.

ఇలా ఆడుతుండగా ఒక మధ్యాహ్నం పాచిక దానంతట అదే కదిలి నా కళ్ల ముందే దొర్లింది. చేత్తో తాకలేదు. ఫ్యాను మూడు మీద ఉంది, చెక్క ఏటవాలుగా ఉంది, అది వేరే విషయం.

అయిదు తలుపులు దాటడానికి పన్నెండు రోజులు పట్టింది. మూడో తలుపు సగం గీస్తుండగా తేజు అన్నానికి పిలిచింది. తిని వచ్చేసరికి ఆ తలుపు దగ్గర గవ్వని అడిగానో లేదో గుర్తు రాలేదు.

“నా ముందు వెయ్యి,” అంది తేజు.

వేశాను. బోర్లా పడింది. అంతకుముందు రెండు తలుపులూ అద్దంలా కుదిరి, ఇదొక్కటి కుంటిదవుతుందని నాకు కష్టంగా అనిపించింది. ఇంకోసారి వేస్తానన్నాను. “రూలు రాసింది నువ్వే కదా,” అని గవ్వ లాక్కుంది. చేసేది లేక ఒక మెట్టు తగ్గించాను.

అయిదో తలుపు అయ్యాక తేజు ఆ పట్టీని బీరువాకి అంటించింది. మంచం మీంచి, అంత దూరం నుంచి, మొదటిసారి మొత్తం కనిపించింది.

లాకుల అంచు.

తేజు నవ్వింది. “నీ అంచే నువ్వు మళ్లీ వేసుకున్నావు. ఇందులో వింతేముంది?”

చూసి వేయడానికి ఇంట్లో ఒక్క గ్రాఫూ మిగలకపోయినా, తన లెక్క ప్రకారం వింత లేదు. ఇక్కడ నేనొకటి తగ్గించాలి. ఆ అంచు నాది కాదు. మా అన్నయ్యది. ఆయన చనిపోయిన సంవత్సరమే విజయవాడలో చేనేత ఎగ్జిబిషన్ పెట్టారు. ఈ డిజైన్ ఎవరిదని అడిగితే, నాదే అన్నాను. శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఆ ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. అది తెలిసిన రోజు నుంచి మా వదిన నాతో మాట్లాడలేదు, వాళ్లింట్లో నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. పదకొండేళ్లయింది.

ఆ పట్టీని ఆ కొస నుంచి ఈ కొస దాకా రెండుసార్లు చూశాను. తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రూల్సు రాసింది నేను, పట్టీలా కోసింది నేను, అద్దం పెట్టింది నేను. జీవితమంతా అంచులు వేసిన చెయ్యి. పైగా మొదటి రెండు తలుపుల్లో గడులు కాగితం దాటిపోతున్నాయని పాచిక నాలుగైదు సార్లు మళ్లీ వేశాను, తేజు చూడకుండా. వీటన్నిటికీ మించి, మూడో తలుపు తప్పు. అన్నయ్య అంచులో అయిదు తలుపులూ సమానమే. ఆ అట్టలు కొన్ని వందలసార్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. కాబట్టి ఇది నా చేతి అలవాటే అని తేల్చేసుకున్నాను. ఆ కుంటి తలుపే నన్ను కాపాడింది అనుకున్నాను.

తేజు ఆ పట్టీ ఫోటో తీసి పెడనకి, మా వదినకి, వాట్సాప్‌లో పంపిందని నాకు తెలియదు. మర్నాడు పొద్దున నా ఫోను మోగింది. పదకొండేళ్ల తర్వాత ఆవిడ గొంతు.

“ఆ మూడో తలుపు సంగతి నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు వదినా. గవ్వ అలా పడింది.”

“నా పెట్టె తాళం కూడా గవ్వే తీసిందా?”

నాకేమీ అర్థం కాలేదు. కట్టు విప్పాక వస్తానన్నాను. “కట్టుతోనే రా. ఒకసారి తీసుకుపోయినవాడివి, రెండోసారి ఎలా తీశావో నా ఎదురుగా కూర్చుని చెప్పు,” అని పెట్టేసింది.

కారు మాట్లాడుకుని తేజుని వెంటబెట్టుకుని బయల్దేరాను. వెంటబెట్టుకోవడానికి కారణముంది. అంతకుముందు వేసవిలో అది పెడన వెళ్లి రెండు రోజులుండి వచ్చింది. అక్కడేదో చూసి, నాకు తెలియకుండా ఆటలో దూర్చిందని నా అనుమానం. కంకిపాడు దగ్గర మొదలుపెట్టి ఉయ్యూరు దాటేదాకా అడుగుతూనే ఉన్నాను.

“పెద్ద మామ్మ నాకు పెట్టెలు చూపించలేదు తాతయ్యా, పచ్చళ్లు చూపించింది. అయినా గవ్వ వేసింది నువ్వు. నేనేం దూరుస్తాను?”

అదీ నిజమే. అనుమానం మాత్రం పోలేదు.

వదిన గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఎనభై దాటినా చూపులో పదును తగ్గలేదు. నన్ను పలకరించకుండా తేజుని పలకరించింది. బొడ్డులో దోపుకున్న తాళంచెవి తీసి, మంచం కింద పెట్టె తెరిచి, ఒక నేరేడు రంగు చీర చాప మీద పరిచింది. దాని మొదటి కొస దగ్గర నా పట్టీ పెట్టమంది. చూపుడువేలి గోటితో ఒక్కో మెట్టూ లెక్కపెట్టింది.

మొదటి తలుపు సరిపోయింది. రెండోదీ సరిపోయింది. మూడో తలుపుకి కుడి పక్క ఒక మెట్టు తక్కువ. చీరలోనూ తక్కువే. నాలుగు, అయిదు మళ్లీ సమానం. ఆ జానెడు దాటాక చీరంతా తప్పులేకుండా ఉంది.

“ఈ అంచులో మొట్టమొదట నేసిన చీర ఇది. నాకోసమే నేశారు,” అంది వదిన, చీర మీద నుంచి చెయ్యి తీయకుండా. “జానెడు నేశాక తప్పు చూసుకున్నారు. విప్పుతానన్నారు. కట్టుకుంటే లోపలికి పోయేదే కదా, ఉండనివ్వండి అన్నాను. గ్రాఫు పొయ్యిలో పెట్టి కొత్తది వేశారు. ఆ అట్ట ఒక్కటి మార్చారు. బయట తెలిస్తే పరువు తక్కువని ఎవరికీ చెప్పలేదు. ఆయనకీ నాకూ తప్ప తెలియదు. నువ్వు అప్పటికి మద్రాసులో ఉన్నావు.”

నిజమే. రెండేళ్లు మద్రాసులో పనిచేశాను. తిరిగొచ్చేసరికి సరిచేసిన అట్టలే ఉన్నాయి.

“పెట్టె నేను తీయలేదు వదినా.”

“తీయలేదనే అనుకుందాం. ఇప్పుడు చెప్పు. ఈ అంచు ఎవరిది?”

“మనదే వదినా. మన ఇంటిదే కదా…”

“మన అంటే?”

“తాతయ్యదే కదా పెద్ద మామ్మా,” అంది తేజు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

వదిన తేజు వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. పెంచి చెప్పడం ఎంత తేలికో, అంత దూరం వెనక్కి రావడం ఎంత కష్టమో నాకు ఆ చాప మీద తెలిసింది.

“అన్నయ్యది,” అన్నాను. “మొత్తం అన్నయ్యదే. ఒక్క గడి కూడా నాది కాదు. ఆ రోజు ఎగ్జిబిషన్‌లో నేను అబద్ధం చెప్పాను.”

తేజు పట్టీ చుట్టి నా కర్ర పక్కన పెట్టింది. వదిన చీర మడతలు సరిచేసి పెట్టెలో పెట్టి, తాళం వేసి, లేచింది.

“అన్నం తిందురుగాని రండి,” అంది. ఆ మాటలో నేనూ ఉన్నానో లేదో తెలియక కూర్చునే ఉన్నాను. లోపలి నుంచి మళ్లీ అంది, “నీక్కూడా వడ్డించాను.”

దోసకాయ పప్పు, వంకాయ కూర. సగం తిన్నాక తేజు అడిగింది. “అంత పనిమంతుడు కదా పెద్ద తాతయ్య, ఆ ఒక్కచోటే ఎందుకు తప్పారు?”

“నావల్లే,” అంది వదిన. “గ్రాఫు వేస్తుంటే అన్నానికి పిలిచాను. మూడో తలుపు సగంలో ఉన్నారు. కూర చల్లారిపోతుందని తొందరపెట్టాను. తిని వెళ్లి ఒక మెట్టు లెక్క తప్పారు.”

తేజు ముద్ద కలపడం ఆపింది. ఎడం చేత్తో సంచిలోంచి నా నోటుబుక్కు తీసి, పేజీ తిప్పి, విస్తళ్ల మధ్యలో పెట్టింది. నా రాతే. “మూడో తలుపు సగం. అన్నానికి లేచాను. వచ్చాక గవ్వ: కాదు.”

వదిన కళ్లద్దాలు అడిగి తెప్పించుకుని రెండుసార్లు చదివింది. తర్వాత నా విస్తట్లో పప్పు వేసింది.

ఆవిడ నన్ను పూర్తిగా నమ్మిందని అనుకోను. మేం తిరిగొచ్చిన వారానికే పెట్టెకి కొత్త తాళం వేయించిందని తేజు చెప్పింది. కాని ఇప్పుడు ఆదివారాలు ఫోన్ చేస్తోంది, పుల్లయ్య ఎంతదాకా వచ్చాడని అడుగుతోంది. హాల్లో ఫోటో తీసేసి, ఆ పట్టీకి ఫ్రేము కట్టించి పెట్టాను. కింద అన్నయ్య పేరు రాశాను. చూసినవాళ్లు మూడో తలుపు తప్పుందే అంటారు, ఉందండీ అంటాను.

పుల్లయ్యని ఆరో తలుపు దగ్గరే ఆపేశాను. రూల్సన్నీ మళ్లీ తిరగేశాను. తేజుని ఇంకా అప్పుడప్పుడు అనుమానంగా చూస్తుంటాను, అది నన్నూ అలాగే చూస్తుంది. నా చెయ్యికి ఆ అంచు తెలుసు, ఒప్పుకుంటాను. ఆ తప్పు నా చెయ్యికి తెలియదు. ఆ పూట నన్ను అన్నానికి పిలిచింది మామూలుగా పిలిచే వేళకే. గవ్వ వేసింది నేనే, తేజు ఎదురుగా ఒక్కసారే వేశాను.

మొదట్లో చెప్పినట్టు, ఈ రాతలో పెంచినవన్నీ నేనే తగ్గించుకుంటూ వచ్చాను. శ్మశానం షెడ్డయింది, పాచిక ఫ్యానుగాలి అయింది, నా అంచు అన్నయ్యదయింది. ఆ గవ్వ దగ్గర మాత్రం ఎంత తగ్గిద్దామన్నా ఏమీ తగ్గడం లేదు.