పక్క సీటులో చెప్పే అంకె

రెండువేలు దాటిన కొత్తలో, కోవిల్‌పట్టిలో టర్బో కారుకు మొట్టమొదట బూస్ట్ కంట్రోలర్ సరిచేసింది నేనే. సరే, చేసింది మా తమ్ముడు. అది ఇంజనులోకి గాలి ఎంత పంపుతోందో పక్క సీటులో కూర్చొని మీటరు చూసి చదివింది నేను. అదీ వాడి పెళ్లాం, మా మరదలు, చనిపోయాకే. అంతవరకూ ఆ సీటు ఆమెది. విరుదునగర్ రోడ్డుమీద వాడు కారు జోరుగా తోలుతూ "ఎంత?" అనేవాడు. ఆమె గొంతెత్తకుండానే చెప్పేది.

ఆ సీటులో నేను కూర్చున్న రోజు, నేను చెప్పినా వాడు మళ్లీ "ఎంత?" అన్నాడు. అరిచి చెప్పాను. మళ్లీ అదే మాట. చివరికి కారు పక్కకు ఆపి, స్టీరింగు మీద తల వాల్చేశాడు. ఆ పని మళ్లీ ముట్టలేదు.

"పాపం, చెవులు పోయినాయి వాడికి" అని నేను ఊరంతా చెప్తుంటే వాడి కూతురు విన్నది.

"నాయన చెవులు బాగానే ఉండాయి, పెదనాయనా. అడిగింది నిన్ను కాదు."