అమ్మ ఇస్త్రీ చేసిన సిగా

ఆ రోజుల్లో చాండ్లర్‌లోని మా బ్రహ్మచారుల కొంపలో తలకి పెట్టుకునే విలువైన వస్తువంటూ ఉన్నది మా రూమ్మేట్‌కి ఒక్కడికే. (నాకున్నది ఆఫీసులో ఉచితంగా ఇచ్చిన టోపీ.) వాడిది మలేషియాలోని సబా రాష్ట్రం, కడజాన్ జాతి. పండగలప్పుడు వాళ్ళ మగవాళ్ళు కట్టుకునే తలపాగాని సిగా అంటారు. చేత్తో నేసిన చదరపు గుడ్డని మడతలు పెట్టి, కొస పైకి నిలిచేలా కడతారు. "మడత చూస్తే మనిషి పెద్దరికం తెలిసిపోద్ది" అని వాడు తెగ గొప్పలు పోయేవాడు. వాడి సిగా స్వయంగా తాతగారు మడిచి ఇచ్చింది. నేను చెప్పబోయే సంగతి జరిగిన మర్నాడే వాళ్ళ కోతల పండగ. ఊళ్ళో ఉన్న నాలుగు సబా కుటుంబాలూ వస్తాయి, వాళ్ళలో వాడికి పిల్లనివ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న పెద్దాయన కూడా ఉన్నాడు.

అప్పుడే మా అమ్మ ఇండియా నుంచి వచ్చి మాతో ఉంటోంది. పండగపూట పిల్లాడు మాసిన గుడ్డ కట్టుకుంటాడా అని జాలిపడి, సిగా విప్పేసి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలేసి వాడి మంచం మీద పెట్టింది. సాయంత్రం వాడు చూసి కొయ్యబారిపోయాడు. "ఏం నాయనా, మరక పోలేదా?" అంది అమ్మ. సంగతి నేను చెప్పేసరికి "అయ్యో, నా మతి మండ!" అని నెత్తి కొట్టుకుంది. నాకు మాత్రం నవ్వాగలేదు. "మీ తాత తలపాగా కట్టడం నీకే రాదా? సిగ్గులేదురా!" అన్నాను. పాపం, వాడు కడితే ఒకసారి సమోసాలా వచ్చింది, ఇంకోసారి పంటినొప్పి కట్టులా వచ్చింది.

చివరికి తాతగారికి వీడియో కాల్ చేశాం. తిడతాడనుకుంటే ఆయన పడీపడీ నవ్వాడు. "మంచిపని చేసింది ఆ అమ్మ. ఇన్నేళ్ళూ నేర్చుకోరా అంటే విన్నావా?" అన్నాడట (తర్జుమా వాడిదే). ఆయన అక్కడ మడత వేస్తే వీడు ఇక్కడ వేశాడు. "కుచ్చిళ్ళు పట్టినట్టు పట్టు బాబూ, కొస వదలకు" అని మధ్యలో అమ్మ.

మర్నాడు వాడి సిగా కాస్త కుడికి ఒరిగింది. పెద్దాయన ఎగాదిగా చూసి "ఎవరు కట్టారు?" అన్నాడు. "నేనే" అన్నాడు వీడు బిక్కమొహంతో. ఆయన సరిచేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని "ఉండనీ, బాగుంది" అన్నాడు. పిల్లనిచ్చాడు కూడా.

రెండేళ్ళకి నా పెళ్ళయింది. షాపులో కొన్న రెడీమేడ్ తలపాగా తగిలించుకున్నాను, అది ప్రతి ఫొటోలోనూ కనుబొమల మీదికి జారే ఉంటుంది. మా తాతయ్య తువ్వాలుని అద్దమైనా చూడకుండా తలపాగా చుట్టుకునేవాడు. నేర్పమని నేనెప్పుడూ అడగలేదు. ఆ ఫొటోల్లోని పెళ్ళికొడుకుని చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, తాతయ్య ఉంటే నాకంటే ఎక్కువ నవ్వేవాడు.