కాకితో చేసిన బేరం

“తోడబుట్టిన చెల్లె గదయ్యా వెంకటయ్యా, పట్నం దవాఖాన ఖర్సు నువ్వు పెట్టుకో.”

“నా దగ్గరేమున్నదొదినా? నీకు పాలిచ్చే బర్రె ఉన్నది. అమ్మి పెట్టు.”

“నా బర్రె మీదనే పడ్డదా నీ కన్ను? మొన్న కొన్న బండి అమ్ము.”

“బండి అమ్మితే పనికెట్ల పోవాలె?”

“కాళ్లున్నయి గదా!”

మా అత్త దినాల రోజు, పిట్టకు పెట్టిన విస్తరి దగ్గర నాకూ మా మరిదికీ జరిగిన కొట్లాట ఇది. పక్కనే మా ఆడబిడ్డ బాలమ్మ, జుట్టు ఊడిన తలకు కొంగు చుట్టుకుని కూర్చుంది. ఆమెకు రొమ్ము క్యాన్సర్. గడ్డ తీసేశారు. మిగిలిన సూదులు తప్పక వేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. వైద్యం సర్కారు కార్డు మీద నడుస్తుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం. కానీ పట్నంలో గది కిరాయి, తిండి, ఆటోలు, బయట చేయించమనే పరీక్షలు ఏ కార్డు మీదా రావు.

“కొట్లాడకుండ్రి. నేను పోనే పోను. ఇగ సాలు,” అంది బాలమ్మ.

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చదివింది మూడో తరగతే అయినా ఆ మాత్రం తెలుసు. చచ్చినవాళ్లు కూడా తిరిగొస్తే వాళ్లకు బియ్యం ఎవరు తేవాలి?

మా దిక్కు, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి చేను గట్టున పెడతాం. కాకి ముట్టేదాకా ఎవరూ తినకూడదు. ముట్టకపోతే పోయినామెకు ఏదో కోరిక మిగిలిందని అంటారు.

ఆ రోజు కాకి వచ్చి బోరు మోటరు డబ్బా మీద కూర్చుంది. దిగదు. ఎండెక్కింది. కూర చల్లారింది. చుట్టాలు ఆకలితో విస్తరి వైపే చూస్తున్నారు. వెంకటయ్య కల్లు సీసా తెచ్చి పెట్టాడు. కాకి కదల్లేదు.

నేను మనసులోనే, ‘బాలమ్మ బస్సు ఛార్జీలు నేను పెడతా’ అనుకున్నాను. కాకి మొహం తిప్పుకుంది.

‘గది కిరాయి పెడతా’ అనుకున్నాను. డబ్బా దిగి గట్టు మీదికి వచ్చింది.

‘తిండీ, ఆటోలూ నావే.’ రెండు గంతులు వేసింది.

‘పరీక్షల్లో సగం.’ అక్కడే ఆగి, మెడ వంచి, ఒంటి కంటితో నన్ను చూసింది. అంగట్లో వంకాయలు బేరమాడేటప్పుడు మా అత్త సరిగ్గా అట్లాగే చూసేది.

ఎందుకొచ్చిన గొడవ, కిరాయి గది మానేసి దవాఖాన వరండాలోనే పడుకుందాంలే అనుకున్నాను. కాకి ఎగిరి మళ్లీ డబ్బా ఎక్కింది!

‘సరే, బర్రెను అమ్ముతా! అంతా నేనే పెడతా! వచ్చి తిను!’

పెదవి కూడా కదపలేదు నేను. కాకి తిన్నగా వచ్చి విస్తరిలో వాలింది. కల్లు వైపు చూడనైనా చూడలేదు. ముందుగా కార్జం ముక్క అందుకుంది.

“సూస్తివా వదినా, నా కల్లుకే వచ్చింది!” అన్నాడు వెంకటయ్య. అందరూ అన్నాలకు పరుగెత్తారు.

ఆకలై దిగిందేమోనని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. మరి మధ్యలో వెనక్కి ఎందుకు పోయింది? నోరు దాటని మాట దానికెట్లా తెలిసింది? ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. దయ్యమని మాత్రం ఒప్పుకోను.

మర్నాడు పొద్దున పక్కింటాయన వచ్చి, పైసలిచ్చి బర్రెను తోలుకుపోయాడు. బర్రెను ఇచ్చాను గానీ పలుపు విప్పి దాచుకున్నాను. సద్ది కట్టుకుని, బాలమ్మను వనపర్తి బస్టాండుకు తీసుకుపోయాను.

పట్నం బస్సు మెట్టు దగ్గర బాలమ్మ ఆగిపోయింది. “పోనంటి గదొదినా?”

“బర్రె పోయింది. ఇగ నువ్వు పోకుంటే నా బర్రె ఊకనే పోయినట్టు. ఎక్కు.”

ఎక్కింది. కిటికీ పక్క సీటు ఆమెకే ఇచ్చాను.