మూడో వరసలో గీత

మా అమ్మ పెరట్లో జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకోవడంతో, పీహెచ్‌డీ చివరి ప్రయోగం సగంలో వదిలేసి హైదరాబాదు నుంచి చోడవరం వచ్చాను. నాన్న పొద్దున్నే చెరకు తోటకి వెళ్లిపోతారు. వంట చేయడం, అమ్మకి అన్నం తినిపించడం, ఆదివారం చీర కట్టి చర్చికి తీసుకెళ్లడం నా పనులు.

బెంగంతా ల్యాబ్ మీదే, అన్నం కూడా సరిగ్గా సయించడం లేదు. నేను పనిచేసేది ఒక స్కాఫోల్డ్ ప్రొటీన్ మీద. కణంలో కలిసి పనిచేయాల్సిన ప్రొటీన్లను ఒకచోట చేర్చి నిలబెట్టేదాన్ని అలా అంటారు. అది తన జంట ప్రొటీన్‌ను సొంతంగానే పట్టుకుంటుందని మేమంతా అనుకున్నాం. కానీ ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్ వేస్తే ఆ రెండూ విడిపోయాయి. వాటిని కలిపి ఉంచేది ఆర్‌ఎన్‌ఏ అన్నమాట! నేను సంబరపడ్డాను. మా గైడ్ గారు మాత్రం నమ్మలేదు.

"నీ ఎంజైమ్ శుభ్రంగా లేక ప్రొటీన్‌నే తినేసిందేమో. ముందది తేల్చు," అన్నారు.

అదే నిజమైతే నా థీసిస్‌లో సగం పోయినట్టే. తేల్చడానికి, ఎంజైమ్ పని ఆపేసి ఆర్‌ఎన్‌ఏను మళ్లీ కలిపి చూడాలి. రెండు ప్రొటీన్లూ మళ్లీ పట్టుకుంటే అవి చెడిపోనట్టు. నా బదులు ఆ పని ల్యాబ్‌లోని నా స్నేహితురాలు మొదలుపెట్టింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, కుళాయి దగ్గర అమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి తలంటుతున్నాను. కట్టు తడవకుండా చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టాను. గట్టు మీద ఫోన్ మోగింది. అమ్మ ఎడమచేత్తో అందుకుంది.

"మీ ల్యాబులో గుంట, నీ నేస్తం, ఏటో ఫొటో పంపింది."

నా చేతుల నిండా నురగ. "నువ్వే సూసి సెప్పమ్మా. ఏటుంది?"

"నల్లగా గీతలున్నాయే. పైన మూడు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

ఆ ఫొటోలో ఒక్కో నిలువు వరసా ఒక్కో ప్రయోగం, ఒక్కో గీతా ఒక ప్రొటీన్. పైన ఉండేది మా స్కాఫోల్డ్ ప్రొటీన్. అది చెక్కుచెదరలేదు. దాన్ని పట్టుకుని ఉంటేనే కింద దాని జంట కనబడుతుంది.

"కిందో?"

"మొదట్లో ఉంది. మద్దిలో ఏటీ లేదు."

మొదటిది ఎంజైమ్ వేయనిది, మధ్యది వేసినది. అక్కడ ఖాళీయే ఉండాలి.

"మూడో వరసలో?" తలంటడం ఆపేసి అడిగాను. ఆర్‌ఎన్‌ఏ తిరిగి కలిపింది అందులోనే.

అమ్మ ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "ఉండవే, కళ్లు మండతన్నాయి... ఉంది. సన్నగా ఉంది గానీ, ఉంది."

ఫోన్‌లోకి తొంగిచూస్తూ ఆ తడినేల మీదే చతికిలబడ్డాను. అమ్మ కంగారుపడింది.

"ఏటయ్యిందే? ఉండకూడదా?"

"ఉండాలమ్మా! అది ఉండాలనే ఇన్నాళ్లూ సచ్చేను!"

"అయితే లేచి నీళ్లు పొయ్యి. సబ్బు కళ్లలోకి కారిపోతంది."

నవ్వుతూనే నీళ్లు పోశాను. తల తుడిచాక స్నేహితురాలికి ఫోన్ చేశాను. గైడ్ గారు ఫొటో చూసి, ఇంకోసారి చేయమన్నారట. కానీ నవ్వుతూ అన్నారట. ఆయన నవ్వితే నమ్మినట్టే.

భోజనాల దగ్గర అమ్మ నాన్నతో, "ఆరెన్నే లేపోతే ఆ రెండూ కలవవంట. మన గుంటే తేల్చింది," అంది.

నాన్నకి ఎంత అర్థమయిందో తెలియదు. నా మొహం చూసి, "అయితే ఈ పూటయినా సరిగ్గా తింటావా?" అన్నారు.

పప్పు రెండోసారి వడ్డించుకున్నాను.